ఆరో తరగతి అమ్మానాన్నల మీటింగు: హోంవర్క్ గురించి ఏం చెప్పాల?

కాలువగట్టు_ఆదోని

అందరికీ నమస్కారం. ఆదోని పక్కన జెడ్పీ హైస్కూల్ మాది. చుట్టూ ఉన్న ఊర్ల ప్రైమరీ బడుల్లో అయిదు అయిపోయిన పిల్లలు జూన్ 12న మా దగ్గర ఆరులో చేరతారు. ఆగస్టు వచ్చేసరికి ప్రతి ఏడూ ఒకటే పాట. "ఊర్లో బడిలో బాగానే చదివేటోడు సార్, ఇక్కడికొచ్చినాక పుస్తకం ముట్టడం ల్యా" అని వాళ్లు, "ఇంట్లో పట్టించుకునేవాళ్లే లేరు" అని మేము. ఈసారి ఆ గొడవ మొదలుకాక ముందే, జూన్ చివరి వారంలో ఆరో తరగతి తల్లిదండ్రుల్ని మాత్రమే పిలిచి ఒక గంట కూర్చుందామని అనుకుంటున్నాం.

వచ్చేవాళ్లలో చాలామందికి చదువు రాదు. జిన్నింగు మిల్లు, పత్తి చేలు, హమాలీ పని. కొన్ని ఇండ్లలో కన్నడం, కొన్నింట్లో ఉర్దూ. "పిల్లల్ని బాగా చదివించండి" అని చెప్పి పంపిస్తే బయటికి పోయేసరికే మర్చిపోతారు, చేసే పని చెప్పాల. హోంవర్క్ రోజుకు ఎంతసేపు ఉండాల? అక్షరం రాని అమ్మ ఏం చూడగలదు? మా వైపు నుంచి ఏం మార్చుకోవాల? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

హెచ్చెం_గుంతకల్లు

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతా. అది తేలకుండా మొదటి రెంటికీ జవాబు లేదు.

ప్రైమరీలో ఒకరో ఇద్దరో టీచర్లు అన్ని సబ్జెక్టులూ చెప్తారు. లెక్కలు ఎక్కువ ఇచ్చిన రోజు తెలుగు తగ్గిస్తారు. ఆరులోకి వచ్చేసరికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అని ఆరుగురు. ఎవరికి వాళ్లు "ఇరవై నిమిషాల పనే కదా" అని ఇస్తారు. ఆరు ఇరవైలు రెండు గంటలు. పక్క సారు ఏమిచ్చినాడో ఎవరికీ తెలియదు. కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో 3 నుంచి 5 తరగతులకు హోంవర్క్ వారానికి రెండు గంటలు, 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట మించకూడదని ఉంది. అంటే ఏప్రిల్‌లో వారమంతా కలిపి రెండు గంటలు రాసిన పిల్ల, జూన్‌లో రోజూ రెండు గంటలు రాయాల. పైగా బడి కూడా పెరుగుతుంది. విద్యాహక్కు చట్టం లెక్కన అయిదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, 800 గంటలు. ఆరు నుంచి 220 రోజులు, 1000 గంటలు. పిల్లోడు సోమరి అయినాడని తేల్చేముందు ఈ అంకెలు స్టాఫ్ రూములో ఒకసారి గట్టిగా చదవండి.

కాబట్టి మీటింగు కంటే ముందే ఆరో తరగతికి హోంవర్క్ టైంటేబుల్ వేసుకోండి. రోజుకు రాత పని రెండు సబ్జెక్టులే, చదివే పని ఒకటి. లెక్కలు వారానికి నాలుగు రోజులు, ఇరవై అయిదు నిమిషాలు. సైన్సు, సోషల్, తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాతలు ఒక్కోరోజు ఒక్కోటి, ఇరవై నిమిషాలు. మిగిలిన పదీ పదిహేను నిమిషాలు హిందీ గానీ ఇంగ్లీషు గానీ పైకి చదవడం. శనివారం కొత్తది ఏమీ ఇవ్వొద్దు, వారంలో మిగిలింది పూర్తి చేసుకోవడానికి వదిలేయండి. ఆ కాగితం ఒకటి క్లాసు తలుపు మీద, ఒకటి స్టాఫ్ రూములో అంటించండి. ఒక సారు తన రోజు కాని రోజు ఇవ్వాలనుకుంటే ఆ రోజు సారును అడిగి మార్చుకోవాల. మొదటి రెండు వారాలు గొణుగుతారు, తర్వాత సర్దుకుంటుంది.

ఇంకో చోట పని చెడుతుంది, చాలామంది గమనించరు: హోంవర్క్ రాసుకునే ఆ చివరి అయిదు నిమిషాలు. లాంగ్ బెల్ కొట్టేముందు సారు నోటితో చెప్తాడు, బయట ఆటో హారన్ కొడతా ఉంటాడు, పిల్లలు సగం విని పరిగెత్తుతారు. ఇంటికి పోయినాక "ఏమిచ్చినారో తెలీదు". బోర్డు కుడి మూలన అడుగు వెడల్పున గీత గీసి, ప్రతి పీరియడ్ అయిపోగానే ఆ సారే అక్కడ ఒక ముక్క రాసిపోవాల: సబ్జెక్టు, పేజీ నంబరు, ఎన్ని ప్రశ్నలు. చివరి పీరియడ్‌లో ఏడు నిమిషాలు డైరీకి. డైరీ అచ్చువేసింది అక్కర్లేదు, నలభై పేజీల చిన్న నోటుబుక్కు చాలు. ఎడమవైపు ఇచ్చిన పని, కుడివైపు అయిందా లేదా. పక్కనోడి డైరీని ఒకరిదొకరు చూసుకుని టిక్కు పెట్టుకుంటే చాలు, సారు నలభై డైరీలు దిద్దే పని లేదు.

వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ పెట్టడం మొదలుపెట్టినారంటే మాత్రం పిల్లలు డైరీ రాయడం ఆపేస్తారు. పైగా ఇంట్లో ఉన్న ఒకే ఫోను "హోంవర్క్ చూడాల" అన్న పేరుతో రాత్రి తొమ్మిది దాకా వాళ్ల చేతిలోనే. గ్రూపు సెలవులు, మీటింగులు చెప్పడానికి ఉంచండి.

ఇప్పుడు అమ్మానాన్నల సంగతి. వాళ్లను పాఠం చెప్పమనొద్దు. చదువుకున్న ఇండ్లలో కూడా ఆరో తరగతి సైన్సు ఇంగ్లీషులో చెప్పగలిగినవాళ్లు తక్కువ. వాళ్ల దగ్గర అడగాల్సింది మూడే.

ఒకటి, వేళ. సాయంత్రం బడి నుంచి రాగానే తిని, గంటసేపు ఆడుకున్నాక ఒక గంట. ఆరున్నర నుంచి ఏడున్నర అనుకోండి. రోజూ అదే వేళ, అదే చోటు, టీవీ ఆపి. వేరే గది అక్కర్లేదు, లైటు వెనక నుంచి కాకుండా ఎడమవైపు నుంచి పడితే చాలు. ఎడమచేతి వాటమైతే కుడివైపు నుంచి. ఈ వయసు పిల్లలకు తొమ్మిది గంటల నిద్ర తక్కువలో తక్కువ. ఆరుకు లేవాలంటే తొమ్మిదికి పడుకోవాల. పదిన్నర దాకా రాయిస్తే మరుసటి రోజు మొదటి పీరియడ్ గాలికి పోయినట్టే.

రెండు, చూపు. అక్షరం రాని అమ్మకు కూడా అంకెలు తెలుసు. నోట్‌బుక్కు తెరిచి పేజీ పైన తేదీ ఉందా, అది ఈరోజుదేనా, కింద సారు ఎర్ర ఇంకు టిక్కు ఉందా చూడొచ్చు. వారం రోజులుగా ఒక నోట్సులో ఎర్ర ఇంకే పడలేదంటే పిల్లోడు చూపించలేదు, లేదా సారు దిద్దలేదు. రెండిట్లో ఏదైనా బడికొచ్చి అడగాల్సిన సంగతే.

మూడు, వినడం. "ఈరోజు సైన్సు సారు ఏం చెప్పినాడు, నాకు చెప్పు" అని అడిగి రెండు నిమిషాలు వినాల. కన్నడంలో చెప్పినా, ఉర్దూలో చెప్పినా సరే. చెప్పగలిగితే అర్థమైనట్టు. "ఏమో" అంటే డైరీలో దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుని రమ్మనండి.

గంట అయినా పని పూర్తి కాకపోతే ఆపేయాల. ఆపిన చోట గీత గీసి అమ్మ సంతకమో వేలిముద్రో పెట్టి పంపాల. మరుసటి రోజు ఆ గీతను చూసి ఏ సారూ కొట్టకూడదు, తిట్టకూడదు. కొట్టడం ఎలాగూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధమే. అయినా "కళ్లు వదిలి యాడైనా కొట్టండి సార్" అని చెప్పిపోయే నాన్నలు మన దగ్గర ఇంకా ఉన్నారు. కొడితే పిల్లోడు చదవడు, పొద్దున్నే ప్రార్థనకు ముందు పక్కనోడిది చూసి రాస్తాడు. ఎక్కడ అర్థం కాలేదో చూపించే ఆ సగం పేజీ మీకు చాలా విలువైంది. చూసి రాసిన నిండు పేజీలో అది కనపడదు.

---

ట్యూషన్_ప్రొద్దుటూరు

పై సారు చెప్పిందాంట్లో చివరిది మాత్రం ఒప్పుకోలేను. గీత గీసి సంతకం పెట్టొచ్చని చెప్తే నెల తిరిగేసరికి సగం క్లాసు రెండు లైన్లు రాసి గీత గీస్తారు. ఆరో తరగతి పిల్లలు అంత అమాయకులేమీ కాదు.

ట్యూషన్ల గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాల కాబట్టి నేనే చెప్తా. నెలకింత అని కట్టి సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పంపిస్తారు. అక్కడ జరిగేది చాలాచోట్ల ఒకటే: గైడు తెరిచి జవాబు చెప్పి రాయించడం. నోట్సు నిండుతుంది, అమ్మకు సంతోషం, బడిలో సారుకు సంతోషం. స్లిప్ టెస్టు పెట్టినప్పుడు బయటపడుతుంది. మీటింగులో తల్లిదండ్రులకు ఒక పరీక్ష నేర్పించండి: ట్యూషన్ నుంచి వచ్చినాక ఏదో ఒక జవాబు మీద చెయ్యి పెట్టి, పుస్తకం మూసి, అదే సొంత మాటల్లో చెప్పమనాల. వారానికి రెండుసార్లు ఇలా అడిగితే నెలలో తెలిసిపోతుంది ఆ డబ్బు దేనికి పోతోందో. ఇంకోటి, బడిలో చెప్పే సారే ప్రైవేటుగా ట్యూషన్ చెప్పడం విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం కుదరదు. మొహమాటపడి పంపాల్సిన అవసరం లేదు.

ప్రైవేటు బడుల్లో చదివించేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి: సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్ పెట్టే బడి అయితే రాత హోంవర్క్ అక్కడే అయిపోవాల. ఆరింటికి వదిలి మళ్లీ రెండు గంటల ఫౌండేషన్ మెటీరియల్ (పోటీ పరీక్షల కోసమని అదనంగా ఇచ్చే పని) ఇస్తుంటే, వారం రోజులు ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోయింది అని డైరీలో రాసి, ఆ కాగితం పట్టుకుపోయి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. "ఎక్కువ ఇస్తున్నారు" అంటే వినరు, టైములు రాసి చూపిస్తే వింటారు.

---

హెచ్చెం_గుంతకల్లు

మీరన్నది నిజమే, కట్టడి లేకపోతే అట్లాగే అవుతుంది. గీతకు రెండు షరతులు. పైన మొదలుపెట్టిన టైము, కింద ఆపిన టైము ఉండాల. వారానికి రెండుసార్లకు మించి ఒకే సబ్జెక్టులో గీత పడితే ఆ పిల్లోడిని ఆ సారు మధ్యాహ్నం భోజనాల తర్వాత పది నిమిషాలు కూర్చోబెట్టుకుని ఎక్కడ ఆగిందో చూడాల. ఆట మానుకుని కూర్చోవాల్సి వస్తుందని తెలిస్తే ఉత్తి గీతలు తగ్గుతాయి. నిజంగా రానివాళ్లకు ఆ పది నిమిషాలే కావాల్సింది.

---

లెక్కల_సారు_యెమ్మిగనూరు

ఆరో తరగతిలో హోంవర్క్ ఎక్కడైనా ఆగిందంటే పదిలో ఏడుసార్లు లెక్కల దగ్గరే ఆగుతుంది. దానికి కారణం ఆరో తరగతి పాఠం కాదు, మూడూ నాలుగూ తరగతులది. మొదటి వారంలోనే ఈ అయిదు ఒక కాగితం మీద ఇచ్చి పావుగంటలో చేయించండి:

7 × 8, 6 × 9, 612 ÷ 6, 1/2 + 1/3, ఇంకా ఒక చిన్న మాటల లెక్క.

మొదటి రెండూ వేళ్ల మీద లెక్కపెడుతుంటే ఎక్కాలు రాలేదు. ఎక్కాలు రానిదే గసాభా, కసాగు, భిన్నాలు ఏవీ కదలవు. ఒక్కో లెక్కకు ఎనిమిది నిమిషాలు పడుతుంది, పది లెక్కలిస్తే గంటకు పైనే. మూడోదానికి 12 అని రాసినవాళ్లను లెక్కపెట్టండి, చాలామంది ఉంటారు. జవాబు 102. ఆరులో ఆరు పోయింది, తర్వాత ఒకటిని దించినారు, ఒకట్లో ఆరు పోదు, అక్కడ పైన సున్నా పెట్టకుండా రెండును కూడా దించేస్తారు. ఈ సున్నా తప్పు దశాంశాల పాఠం వచ్చేసరికి పెద్ద తలనొప్పి అవుతుంది. నాలుగోదానికి 2/5 అని వస్తే పైవి పైవి, కిందివి కిందివి కూడుతున్నారు. సగం కంటే 2/5 చిన్నదని చూపిస్తే, సగానికి ఇంకొంత కలిపితే తగ్గింది ఎట్లా అని వాళ్లే ఆగుతారు. జవాబు 5/6. అయిదోదాంట్లో అంకెలు సరిగ్గా వచ్చి లెక్క తప్పితే అది చదవడంలో లోపం, లెక్కల సారు కంటే ముందు తెలుగు సారు చూడాల.

భాగహారంలో అంకెలు పక్కకు జారిపోయే పిల్లలకు ఒక ఉపాయం: గీతల నోటుబుక్కును అడ్డంగా తిప్పి రాయించండి. అడ్డగీతలు నిలువు గీతలవుతాయి, ఒక్కో అంకె ఒక్కో గడిలో పడుతుంది. గళ్ల నోటుబుక్కు కొనే పని లేదు.

హోంవర్క్‌గా పది లెక్కలు ఇవ్వొద్దు. క్లాసులో చేసినట్టివే మూడు, కొంచెం తిప్పినవి రెండు, అంతే. పుస్తకం వెనక జవాబులు ఉంటాయి కాబట్టి జవాబు చూసి రాసేవాళ్లు ఉంటారు. చదువు రాని నాన్న కూడా ఇది పట్టుకోవచ్చు: ఒక లెక్కకు ఒకే లైను ఉంటే అనుమానించాల. భిన్నం లెక్కైనా, భాగహారమైనా మూడు నాలుగు లైన్లు లేకుండా రాదు.

అసలు చాలామంది నాన్నలకు లెక్కలు నోటితో బాగా వస్తాయి, వాళ్లే నమ్మరు. పత్తి తూకం, కూలి పంపకం రోజూ చేసేదే కదా. మీటింగులో ఇదే అడగండి: "కిలోకు పన్నెండు రూపాయల లెక్కన ముప్పై అయిదు కిలోలు ఏరితే ఎంత?" ఠక్కున నాలుగు వందల ఇరవై అంటారు. "ఇదే ఇంట్లో రోజూ అయిదు నిమిషాలు పిల్లోడిని అడగండి, బువ్వ తినేటప్పుడు" అని చెప్పండి. 612 రూపాయలు ఆరుగురు కూలీలకు పంచితే తలా 12 వస్తుందంటే ఏ నాన్నా ఒప్పుకోడు. ఆ సున్నా తప్పును మనకంటే బాగా వాళ్లే దిద్దుతారు.

ఎక్కాలు 12 దాకా, రోజుకొకటి. వరస తప్పించి అడగాల. "ఏడొకట్ల ఏడు" అని పాటలాగ చెప్పేవాడు ఏడెనిమిదులు అని విడిగా అడిగితే మళ్లీ మొదట్నుంచి పాడుకుంటూ వస్తాడు. అట్లయితే ఎక్కం వచ్చినట్టు కాదు.

---

హిందీ_మేడం_కడప

హిందీ గురించి కొంచెం, ఎందుకంటే సర్కారు బడి పిల్లలకు అది ఆరులోనే మొదలు. మిగతావి పాతవే పెరుగుతాయి. ఇది మాత్రం అ ఆ ల నుంచి. ఇంట్లో అందరూ కంగారు పడేదీ దీనికే.

తెలుగు వర్ణమాల వరస తెలిసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. క ఖ గ ఘ అదే వరస. మొదటి మూడు వారాలు హిందీ అక్షరం కింద తెలుగు అక్షరం రాసుకోనివ్వండి, నాలుగో వారం నుంచి ఆపేయండి. ఆపకపోతే కింది తెలుగు చూసే చదువుతారు, హిందీ అక్షరం వైపు కన్ను పోదు. తొమ్మిదో తరగతి దాకా అట్లా లాక్కొచ్చే పిల్లలుంటారు.

ఎక్కువగా పడే తప్పులు మూడు. హిందీ రాతలో భ, మ ఒకటే పోలిక; ధ, ఘ ఒకటే పోలిక. మ, ఘ లకు పైగీత నిండుగా ఉంటుంది, భ, ధ లకు ఎడమవైపు చుట్ట తిరిగి గీత తెగుతుంది. పైగీత చివర్లో ఒకేసారి బర్రున గీసే అలవాటు ఉంటే ఈ తేడా పోతుంది, కాబట్టి మొదటి నెల ఏ అక్షరానికి ఆ గీత. రెండోది, "కి" రాసేటప్పుడు ఆ గుర్తు అక్షరానికి ముందు, ఎడమవైపు వస్తుంది. తెలుగు అలవాటుతో వెనక పెడతారు. మూడోది చదవడంలో: "కమల" అని రాసి ఉంటే "కమల్" అని చదవాల. మన పిల్లలు ప్రతి అక్షరానికీ అకారం పలుకుతారు.

ఆదోని వైపు ఉర్దూ ఇంటి పిల్లలు ఈ మూడోది తప్పు పోరు, మాటలన్నీ తెలిసినవే. కానీ ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసి వచ్చినవాళ్లకు రాత మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. "నీకు వచ్చిన భాషే కదా" అని గదమకండి. వాళ్లను ఒక తెలుగు ఇంటి పిల్లతో జత కూర్చోబెడితే ఒకరు పలకడం, ఒకరు రాయడం నేర్పుకుంటారు.

దయచేసి పాఠం మూడుసార్లు ఎత్తి రాసే హోంవర్క్ ఆపండి. అయిదు మాటలు చూడకుండా రాయడం, ఆరేడు లైన్లు పైకి చదవడం, అంతే. అమ్మకు హిందీ రాకపోయినా చదువుతుంటే ఎక్కడ తడబడిందో చెవికి తెలుస్తుంది.

---

కాలువగట్టు_ఆదోని

చాలా పనికొచ్చే సంగతులు. రెండు సందేహాలు మిగిలినాయి. ఇంగ్లీషు మీడియం వల్ల సైన్సు, సోషల్ ప్రశ్నజవాబులు అర్థం లేకుండా బట్టీ పడుతున్నారు, దీనికి ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉందా? ఇంకోటి, సంక్రాంతికి అటూ ఇటూ గుంటూరు వైపు మిరప కోతలకు పోయే కుటుంబాలు. వాళ్లు పోయినాక ఈ టైంటేబుల్, డైరీ ఏదీ ఉండదు కదా.

---

సీఆర్పీ_కోసిగి

పుస్తకాల సంగతి ముందు. ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే తెలుగులో ఉంటుంది. చాలామంది పిల్లలు తెలుగు పేజీ తెరవరు, జవాబు ఇంగ్లీషులోనే రాయాల కదా అని. తిరగేసి చేయించండి: ముందు తెలుగు పేజీ ఒకసారి పైకి, తర్వాత ఇంగ్లీషు పేజీ, అందులో తెలియని మాటలు అయిదింటి కింద గీత. ఆ అయిదూ ఎదురు పేజీలో వెతికితే దొరుకుతాయి. తర్వాత జవాబు రెండు మూడు సొంత వాక్యాల్లో, తప్పులున్నా సరే. పదిహేను లైన్ల గైడు జవాబు కంటే తప్పులున్న మూడు లైన్లకు సార్లు ఎక్కువ విలువ ఇవ్వకపోతే ఇదంతా దండగ. అది మీ స్టాఫ్ చేతిలోనే ఉంది.

మార్కుల లెక్క కూడా తల్లిదండ్రులకు చెప్పండి, ఎవరూ చెప్పరు. ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) అంటే మార్కులన్నీ రాత పరీక్షకే కాదు. క్లాసులో పాల్గొనడానికి, నోట్‌బుక్కులకు, ప్రాజెక్టుకు కూడా కొన్ని ఉంటాయి. ఈ పద్ధతి మధ్యమధ్యలో మారుస్తుంటారు కాబట్టి ఆ ఏటి ఉత్తర్వు చూసుకుని చెప్పండి. ప్రాజెక్టు అనగానే నెట్ సెంటరుకు పోయి రంగు ప్రింట్లు తీయించి చార్టు మీద అతికిస్తారు. దానికి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెప్పండి. వారం రోజులు మార్కెట్ యార్డులో పత్తి క్వింటాలు ధర పట్టిక రాయడం, వీధిలో పది ఇండ్లకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అడిగి రాయడం, ఇట్లాంటివే ఇవ్వండి. యార్డులో పనిచేసే నాన్నే అక్కడ సమాచారం ఇచ్చే మనిషి అవుతాడు.

ఇప్పుడు వలసలు. జనవరిలో చెప్పి లాభం లేదు, డిసెంబరు మొదటి వారానికల్లా ఎవరెవరు పోతారో జాబితా చేతిలో ఉండాల. జూన్ మీటింగులోనే అడిగి పెట్టుకోండి, సిగ్గుపడకుండా చెప్పేటట్టు అడగండి. ఉండే దారులు ఇవి: అవ్వ దగ్గర వదిలిపోవడం, సమగ్ర శిక్ష పథకం కింద వలస ఇండ్ల పిల్లలకు నడిచే సీజనల్ హాస్టల్ దగ్గరలో ఉంటే అక్కడ చేర్చడం, ఆడపిల్లలకైతే ఆరో తరగతి నుంచి ఉండే కస్తూర్బా విద్యాలయం. కస్తూర్బాకు చేరికలు ముందే అయిపోతాయి కాబట్టి అది అయిదో తరగతిలో ఉండగానే చెప్పాల్సిన మాట. ఈ ఏడాదికి కాకపోయినా వీధిలో చిన్నపిల్లలున్నవాళ్లకు చేరుతుంది.

అవ్వ దగ్గర వదిలేస్తే ఆ అవ్వను కూడా మీటింగుకు పిలవండి. తేదీ, ఎర్ర ఇంకు చూసే పని ఆమెకు నేర్పించండి. మేనమామో, పక్కింటి డిగ్రీ పిల్లో ఎవరో ఒకరి ఫోన్ నంబరు బడిలో ఉండాల. పిల్లోడిని వెంట తీసుకునే పోతే టీసీ తీసుకోవద్దని చెప్పండి. తీసుకుంటే తిరిగొచ్చినాక మళ్లీ చేరడం ఆలస్యమై, అక్కడే చదువు తెగిపోతుంది. రెండో సెమిస్టరు పుస్తకాలు, ఒక నోటుబుక్కు, అందులో మొదటి పేజీలో ఏ వారం ఏ పాఠం అని సార్లు రాసిచ్చిన పట్టిక వెంట పంపండి. చేనుకాడ గుడిసెలో గంట హోంవర్క్ జరగదు. రోజుకు ఒక ఎక్కం, ఒక పేజీ పైకి చదవడం, వారానికి అయిదు లెక్కలు, ఇంతకంటే అడగొద్దు. బడికి పోయే పిల్లల తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు కావాలన్న మాట కూడా చెప్పండి. మిగతా మాటలు మర్చిపోయినా అది గుర్తుంటుంది.

---

హెచ్చెం_గుంతకల్లు

మీటింగు నడపడం గురించి ఒక మాట. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లాంటివాటికి జనం బాగా వస్తారు కానీ ఆ సందడిలో ఒక్కో పిల్లోడి నోట్సు తెరిచి చూపించే తీరిక దొరకదు. మీది ఆరో తరగతికి మాత్రమే కాబట్టి కుదురుతుంది. పొద్దున పదకొండుకు పెడితే కూలి పోతుంది, రారు. సాయంత్రం ఆరున్నరకు పెట్టండి, వీలైతే పిల్లలు ఎక్కువగా వచ్చే ఊర్లోనే, ప్రైమరీ బడి వరండాలో. ఆ ఊరి అయిదో తరగతి టీచరును కూడా కూర్చోబెట్టండి. ఏ పిల్లకు చదవడం రాదు, ఎవరికి చెవి సరిగ్గా వినపడదు అన్నది ఆమెకే తెలుసు. కన్నడం వచ్చిన ఒకరు, ఉర్దూ వచ్చిన ఒకరు పక్కనుండి చెప్పాల.

ఉపన్యాసం పది నిమిషాలు చాలు. తర్వాత నిజమైన నోట్‌బుక్కులు చేతికివ్వండి: బాగా దిద్దింది ఒకటి, ఎర్ర ఇంకు లేనిది ఒకటి, చూసి రాసింది ఒకటి. పేర్లు కనపడకుండా అట్ట కప్పండి. ఏది ఏమిటో వాళ్లనే కనుక్కోమనండి. తేదీ, టిక్కు, లైన్లు లెక్కపెట్టడం అక్కడికక్కడే వచ్చేస్తాయి.

బ్యాగు బరువు సంగతి కూడా అక్కడే. పిల్లోడి బరువులో పదో వంతు మించకూడదని అదే 2020 పాలసీలో ఉంది. ముప్పై కిలోల పిల్లకు మూడు కిలోలు. కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి పెట్టి చూసుకోమనండి. హోంవర్క్ టైంటేబుల్ ఉంటే ఆ రోజు అక్కర్లేని నోట్సు ఇంట్లోనే ఉంటుంది.

---

ట్యూషన్_ప్రొద్దుటూరు

ఒకటి మర్చిపోయినారు. బోర్డు మీది అంకెలు తప్పు ఎక్కించుకునే పిల్లలు, 6ను 8 అని రాసేవాళ్లు, పక్కనోడి డైరీ చూసే రాసేవాళ్లు ఉంటే ముందు కండ్లు చూపించండి. వెనక బెంచీ నుంచి ముందుకు మార్చి ఒక వారం చూడండి, తప్పులు తగ్గితే అది కంటి సంగతే. ముందుకు మార్చినా అక్షరాలు తారుమారు చేస్తూ, రెండో తరగతి పుస్తకం కూడా కూడబలుక్కుని చదువుతుంటే మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలది) ప్రత్యేక టీచరుకు చూపించాల. అట్లాంటి పిల్లకు గంట హోంవర్క్ అని పట్టుపట్టొద్దు. రాత సగం చేసి నోటితో చెప్పించుకోండి.

---

కాలువగట్టు_ఆదోని

కండ్ల సంగతి అసలు తట్టలేదు, మొదటి వారంలో లెక్కల కాగితంతో పాటే చూస్తాం. టైంటేబుల్ సోమవారం స్టాఫ్ మీటింగులో పెడుతున్నా. సోషల్ సారు ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకున్నట్టే.